కూర్చున్న గంటలు, వచ్చిన విద్య



గుంతకల్లు నుండి బెంగుళూరునకు పోవు రైలుమార్గమున ధర్మవరము, పెనుకొండ, హిందూపురము అను మూడు పట్టణములు ఒకదాని వెనుక నొకటి వచ్చును. ఈ మూడింటియందును విద్య ఏమేరకు వ్యాపించినదో తెలిసికొనగోరి, కళాశాలలను పట్టభద్రులను మాత్రమే లెక్కించి తృప్తిపడువానికి, ఆ ఊళ్ల విద్యలో పెద్దపాలు అందకుండనే పోవును. ధర్మవరమున గుంటమగ్గము ముందర కూర్చున్న నేతగాడు, పడుగుపోగులు తెగకుండ చూచుకొనుచు, జకార్డు అట్టల వరుసకు సరిపోవునట్లు జరీని నడిపి, అంచురంగును ఒడలిరంగుతో కలియనీయక కొంగును మలచునప్పుడు, అతని చేతులలో గణితము కలదు, రూపరచన కలదు, పట్టుదారము ఎండకెట్లుండునో చలికెట్లుండునో తెలిపెడు అనుభవశాస్త్రము కలదు. హిందూపురము పట్టుగూళ్ల మార్కెట్టులో గూటిని చేతబట్టి నొక్కిచూచినంతనే దానినుండి దారమెంత దిగునో అంచనా కట్టగల రీలరు ఉన్నాడు. పెనుకొండ చెంత ఎర్రమంచియొద్ద కియా సంస్థవారి కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ప్రారంభించిన తరువాత, ఆ కర్మాగారమునందును, దానికి విడిభాగముల నందించు సంస్థలయందును సంవత్సరములు గడపి, యంత్రపు రొదలో వచ్చిన చిన్న మార్పును బట్టి లోపము నూహింపగల యువకులు తయారైనారు. వీరిలో ఎవరిని పిలిచి, నీవేమి చదివితివని అడిగినను, పదవ తరగతి అనియో, ఇంటరు నడుమ ఆగిపోయిన దనియో తలవంచుకొని చెప్పుదురు. తమకు వచ్చిన విద్యను విద్యయని చెప్పుకొనుటకు వారికి నోరు రాదు; ఏలయన దానిని కొలిచి, ఇంత యున్నదని వ్రాసియిచ్చు వ్యవస్థ వారి వాకిటికి రాలేదు.

అట్టి వ్యవస్థ నొకదానిని ప్రపంచమున మరియొక మూల కొందరు నిర్మించి, పాతికేండ్లకు పైగా నడుపుచున్నారు. సామర్థ్యమే ప్రమాణముగా, ఆన్‌లైన్ మార్గమున నడుచు విశ్వవిద్యాలయము లవి. వాని నిర్మాణమెట్టిది, వానిలో మన యూళ్లకు పనికివచ్చున దేది, పనికిరానిదేది అను విషయమును నేడు విచారింతము.

విద్యను కాలముతో కొలుచు పద్ధతి సృష్ట్యాదినుండి వచ్చినది కాదు. 1905లో ఆండ్రూ కార్నెగీ అను అమెరికా ధనికుడు కళాశాలాధ్యాపకుల వృద్ధాప్యవేతనములకై కోటి డాలర్ల నిధిని ప్రత్యేకించెను. ఆ వేతనము ఏ కళాశాలవారి కీయవలెను, అసలు కళాశాల యని దేనిని పిలువవలెను అను ప్రశ్న ఆ నిధిని నిర్వహించు సంస్థకు ఎదురు కాగా, ఉన్నతపాఠశాలలో ఒక విషయమును సంవత్సరమున 120 గంటలు చదువుట ఒక ప్రమాణముగా నిర్ణయించి, అట్టి ప్రమాణములు పదునాలుగు పూర్తిచేసినవారిని మాత్రమే చేర్చుకొను సంస్థయే కళాశాల యని వారు తీర్మానించిరి. ముసలితనమున అధ్యాపకునకు అన్నము పెట్టుటకై పుట్టిన ఈ లెక్క, క్రమముగా ఉన్నతవిద్య యంతటికిని వ్యాపించి, గంటలు గడచినచో విద్య వచ్చినట్లే యను భావమును స్థిరపరచినది. మనదేశమునను వారమున కొక గంట చొప్పున ఒక సెమిస్టరు పాఠము విన్నచో ఒక క్రెడిట్ అను సూత్రమే నేటికిని ఆధారము. విద్యార్థి కూర్చున్న గంటలు పట్టికలో చేరును. అతనికి వచ్చిన విద్య ఎంతయో ఆ పట్టికకు తెలియదు.

ఈ విధానములో గల లోపమును 1968లో షికాగో విశ్వవిద్యాలయాచార్యుడు బెంజమిన్ బ్లూమ్ మిక్కిలి స్పష్టముగా చూపినాడు. అందరకును సమానమైన కాలము నిచ్చినచో ఫలితము అసమానముగా వచ్చుట సహజము. అందరకును సమానమైన ఫలితము కావలెనన్నచో, కాలమునే ఒక్కొక్కనికి ఒక్కొక్కరీతిగా ఈయవలెను అనునది అతని వాదముయొక్క సారము. మన పరీక్షలను తలచుకొనుడు. నూటికి 35 మార్కులు వచ్చిన బాలుడు ఉత్తీర్ణుడు. మిగిలిన 65 మార్కుల మేర అతనికి తెలియనిది అట్లే మిగిలిపోగా, ఆ తెలియనిదానిమీదనే పై తరగతి పాఠము కట్టబడును. అందుపైని మరియొక తరగతి. గణితమున కాని, ఆంగ్లమున కాని, ఎనిమిదవ తరగతిలో పడిన గుంట పట్టపరీక్షవరకు పూడకుండుటకు బాలుని మందబుద్ధి కారణము కాదు, గడియారము నాగనీయని మన పద్ధతియే కారణమని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

1990 తరువాత అమెరికా పశ్చిమరాష్ట్రములలో జనసంఖ్య త్వరితముగా పెరిగినది. ఊరికిని ఊరికిని నడుమ వందల మైళ్ల దూరము; ఎన్ని కళాశాలలు కట్టినను చాలని స్థితి. యూటా రాష్ట్ర గవర్నరు మైక్ లెవిట్, కొలరాడో గవర్నరు రాయ్ రోమర్ పరస్పర విరుద్ధములైన రాజకీయపక్షములకు చెందినవారయ్యును, ఈ విషయమున ఏకమై తోడిగవర్నర్లను కూడగట్టగా, 1997లో 19 రాష్ట్రముల గవర్నర్లు కలిసి వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ అను సంస్థను స్థాపించిరి. దానికి తరగతిగదులు లేవు. యూటా రాష్ట్రపు సాల్ట్ లేక్ సిటీ కేంద్రముగా, లాభాపేక్ష లేని సంస్థగా నడుచుచు, నేడు లక్షకు పైబడిన విద్యార్థులకు ఉపాధ్యాయశిక్షణ, నర్సింగు, వాణిజ్యము, కంప్యూటరు విద్య అను నాలుగు శాఖలలో పట్టములిచ్చుచున్నది. చేరువారిలో అధికసంఖ్యాకులు ఉద్యోగము చేయుచు, సంసారము నీదుచు, ఎన్నడో విడిచిన చదువును తిరిగి పట్టుకొనువారు.

ఆ విశ్వవిద్యాలయమున ఒక విద్యార్థిని చేరినదనుకొందము. మొదట ఆమె పట్టమునకు కావలసిన సామర్థ్యములన్నియు ఒక పట్టికగా ఆమె చేతికి వచ్చును. ఫలానా పుస్తకము చదువవలెనని అందుండదు. ఫలానా పని చేయగలుగవలెనని యుండును. లెక్కల పుస్తకమును చూచి ఒక సంస్థ ఆర్థికస్థితిని నిర్ణయింపగలుగుట, రోగి లక్షణములను క్రమముగా నమోదు చేయగలుగుట, పదిసంవత్సరముల బాలునకు భిన్నములను బోధించుటకు పాఠప్రణాళిక రచింపగలుగుట, ఇట్టివి. ఆయా వృత్తులలో పనిచేయువారితోను, ఉద్యోగము లిచ్చువారితోను సంప్రదించియే ఈ పట్టికను నిర్మింతురు. ఒక్కొక్క కోర్సునకు ముందు ఒక పూర్వపరీక్ష యుండును. దాని ఫలితమును బట్టి తనకు వచ్చిన దేదో, రాని దేదో ఆమెకే తెలియును. పదేండ్లు ఒక కార్యాలయమున లెక్కలు వ్రాసిన స్త్రీకి మొదటి కోర్సు పదిదినముల పని కావచ్చును. సంఖ్యాశాస్త్రము మూడునెలల పని కావచ్చును. వచ్చినదానిని తిరిగి వినుమని ఆమెను నిర్బంధించువారు లేరు. రానిదానిని అరకొరగా విడిచి ముందుకు పొమ్మనువారును లేరు.

సిద్ధమైతినని ఆమె భావించిన నాడే పరీక్ష. అందు రెండు తెగలు కలవు. మొదటిది ప్రశ్నలకు సమాధానముల నెన్నుకొనునది; దీనిని ఆమె తన యింటనే, కంప్యూటరు కెమేరా ముందర, దూరమున కూర్చున్న పర్యవేక్షకుడు చూచుచుండగా వ్రాయవలెను. రెండవది పనిని చేసి చూపునది. వ్యాసమో, ప్రణాళికయో, ప్రోగ్రామో, స్వయముగా చెప్పిన పాఠముయొక్క దృశ్యచిత్రమో సమర్పింపవలెను. ఉపాధ్యాయవిద్యకు నిజమైన పాఠశాలలో, నిజమైన పిల్లల ముందర నిలిచి బోధించుట తప్పనిసరి. మార్కులు, శ్రేణులు ఆ విశ్వవిద్యాలయమున లేవు. ఉత్తీర్ణత యొక్కటియే, అది ఇతర విశ్వవిద్యాలయముల బి శ్రేణికి తగ్గని స్థాయిలో నిర్ణయింపబడినది. ఆ మెట్టు నందుకొననివారు మరల చదివి, మరల పరీక్షకు రావలెను.

ఇక రుసుము విషయము. కోర్సున కింత యని కాక, ఆరునెలల గడువున కింత యని కట్టవలెను. ఆ గడువులో పట్టవిద్యార్థి కనీసము 12 సామర్థ్యప్రమాణముల మేర పూర్తిచేయవలెను. అంతకు మించి ఎంత చేసినను అదనపు రుసుము లేదు. నెలపాసు కొన్న ప్రయాణికుడు బస్సు నెన్నిమారులు ఎక్కినను టిక్కెట్టు అడుగనట్లే ఇదియును. పూర్వానుభవము గలవానికి, శ్రమించువానికి ఇది గొప్ప లాభము. కాని ఆలస్యమైనవానికి గడువు వెంబడి గడువు రుసుము పెరుగుచు పోవుననుటయు మరువరాదు. కాలమును ప్రమాణస్థానమునుండి తొలగించిన ఈ విధానమున, కాలము ధరరూపమున వేరొక ద్వారమున ప్రవేశించినది.

నాకు సర్వోత్తమముగా తోచినది ఈ పరీక్షలు కావు, రుసుములు కావు; అధ్యాపకుని పనిని వారు విభజించిన తీరు. మన కళాశాలలో పాఠము చెప్పువాడును, ధైర్యము చెప్పువాడును, ప్రశ్నపత్రము తయారుచేయువాడును, మార్కు లిచ్చువాడును తరచుగా ఒక్కడే. అక్కడ ఈ నాలుగు పనులకును నలుగురు వేర్వేరు మనుష్యులు. విద్యార్థి చేరిన దినమునుండి పట్టము పొందు దినమువరకు వెంటనుండు మార్గదర్శి ఒకరు. తొలినాళ్లలో వారమున కొకమారు ఫోనుచేసి, ఎంతవరకు వచ్చితివి, ఎక్కడ చిక్కుపడితివి అని అడుగుట అతని విధి. ఒక్కొక్క విషయమున సందేహములు తీర్చు బోధకు లొకరు. పరీక్షలను రూపొందించు నిపుణులు వేరు. సమర్పించిన పనిని దిద్దు పరీక్షకులు వేరు; వీరు విద్యార్థి నెరుగరు, ఆమెతో మాటలాడరు, ముందుగా వ్రాసిపెట్టిన కొలతపట్టికను బట్టి మాత్రమే తీర్పు చెప్పుదురు. కావున దయాదాక్షిణ్యములకు గాని, పగకు గాని, కులముపేరు విని మారెడు దృష్టికి గాని తీర్పులో చోటు మిక్కిలి తగ్గును. బోధించినవాడే తీర్పరి కాకుండుట మనదేశమున అంతర్గతమార్కుల బాధను ఎరిగినవారికి ఎంతటి ఊరటయో నేను వివరింప నక్కరలేదు.

ఈ మార్గమున ఇతరులును నడచినారు. 2013లో సదరన్ న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయమునకు చెందిన కాలేజ్ ఫర్ అమెరికా అను శాఖ, గంటల లెక్కను పూర్తిగా విడిచి, 120 సామర్థ్యములను నిరూపించినవానికి అసోసియేట్ అను తొలిస్థాయి పట్టమిచ్చు పద్ధతికి అమెరికా విద్యాశాఖ అనుమతిని పొందినది. విస్కాన్సిన్ రాష్ట్రవిశ్వవిద్యాలయమువారును అదే కాలమున ఇట్టి ఏర్పాటు నొకదానిని నెలకొల్పిరి.

ఇదంతయు మన మెరుగని వింత కాదు. ఈ మూడు పట్టణములలోను బజారువీథి మేడమీద టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండిన కాలము పెద్దలకు జ్ఞాపకముండును. లోయరు పరీక్షకు నిమిషమునకు 30 మాటలు, హయ్యరునకు 45 మాటలు. అభ్యర్థి ఆరునెలలు నేర్చెనా, రెండేండ్లు నేర్చెనా, ఎవరి యంత్రముమీద నేర్చెను, ఏ తరగతి చదివెను అను ప్రశ్నలు పరీక్షాధికారికి అవసరము లేకుండెను. వ్రేళ్ల వేగమును, తప్పుల సంఖ్యను మాత్రమే అతడు చూచెడివాడు. ఆ ఒక్క కాగితముతో ఎందరు బీదయింటి పిల్లలు తాలూకా కచేరీలలోను, కోర్టులలోను కుదురుకొని కుటుంబములను నిలబెట్టిరో ఎన్నశక్యము కాదు. 1918లో గాంధీమహాత్ముని సంకల్పమున మద్రాసున వెలసిన దక్షిణభారత హిందీ ప్రచారసభవారి పరీక్షలును ఇట్టివే. ప్రాథమిక మొదలు ప్రవీణవరకు మెట్లు మెట్లుగా ఏర్పరచిన ఆ పరీక్షలకు, సాయంకాలము పనులు ముగిసిన పిమ్మట గృహిణులును, గుమాస్తాలును, బడిపిల్లలును ఒకే చాపమీద కూర్చుండి, వీథిలోని ప్రచారకునియొద్ద చదివెడివారు. ఇంకను వెనుకకు పోయినచో, 1857లో స్థాపింపబడిన మద్రాసు విశ్వవిద్యాలయమే లండన్ విశ్వవిద్యాలయపు మాదిరిని తొలుత పరీక్షలు పెట్టి పట్టము లిచ్చు సంస్థ మాత్రమే. పాఠము చెప్పు భారమంతయు కళాశాలలది. బోధకుని, పరీక్షకుని వేరుచేయుట మనకు కొత్త కాదని దీనివలన స్పష్టము. అయితే ఆ కాలపు పరీక్ష జ్ఞాపకశక్తిని పరీక్షించెను గాని చేతను పరీక్షింపలేదు. తప్పినవాని వెంట నడిచి మరల లేవనెత్తువాడును అందు లేకుండెను.

తెలుగునాట ఈ విషయమున జరిగిన మహాకార్యము 1982 ఆగస్టు 26వ తేదీన హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలయుట. భారతదేశమున సార్వత్రిక విశ్వవిద్యాలయములలో అదియే మొదటిది. ఆచార్య జి. రాంరెడ్డి దానికి ప్రథమ ఉపాధ్యక్షులు; 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు దానికిని ప్రథమ ఉపాధ్యక్షులు వారే అయిరి. 1991లో హైదరాబాదు సంస్థకు డాక్టరు బి. ఆర్. అంబేద్కర్ పేరు పెట్టబడినది. వయోజనుడు, బడి మెట్టు ఎక్కకపోయినను, ఒక అర్హతపరీక్ష వ్రాసి నేరుగా పట్టపు చదువున ప్రవేశింపవచ్చునను నియమము నాటికి విప్లవమే. నీవెక్కడ చదివితివి అనుటకు బదులు నీకేమి వచ్చును అని మన విశ్వవిద్యాలయ మొకటి అడిగిన తొలి సందర్భ మది. పట్టస్థాయిలో చరిత్ర, ఆర్థికశాస్త్రము, రాజనీతి, విజ్ఞానశాస్త్రములకు చక్కని తెలుగు పాఠ్యగ్రంథములను ఆ సంస్థ ఆచార్యులచేత వ్రాయించినది. పోటీపరీక్షలకు చదువు యువకులు నేటికిని వానిని వెదకి కొనుచుందురు. ఆకాశవాణి మూలమున పాఠములు ప్రసారమై, రేడియో గల ప్రతి యిల్లును తరగతిగది యైన కాలమును చూచినవారము మనము. కాని ద్వారము తెరచిన ఆ విశ్వవిద్యాలయమున కూడ లోపలి గడియారము మారలేదు. ప్రవేశమున సామర్థ్యము నడిగి, ప్రవేశించిన పిమ్మట అందరను మూడేండ్ల కాలచక్రమునకే కట్టివేసిరి.

ఇప్పుడు ఢిల్లీనుండి వచ్చిన మార్పులు కొన్ని కలవు. 2020 నాటి జాతీయవిద్యావిధానము పిమ్మట, 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఏర్పడి, విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు ఒక ఖాతాలో నిలువయుండి, సంస్థ మారినను వెంటవచ్చు వీలు కలిగినది. 2017లో ప్రారంభమైన స్వయం అను ఆన్‌లైన్ వేదికమీది కోర్సుల మూలమున ఒక పట్టమునకు కావలసిన క్రెడిట్లలో 40 శాతమువరకు సంపాదింపవచ్చునని విశ్వవిద్యాలయ నిధుల సంఘము అనుమతించినది. 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ చట్రము చదువును, వృత్తివిద్యను, పని అనుభవమును ఒకే త్రాసున తూచుటకు పూనుకొన్నది. సంవత్సరమునకు 1,200 గంటల అభ్యాసము, 40 క్రెడిట్లు అను లెక్క అందు కలదు. అనుభవమునకు విలువ కట్టుటకు ముందుకు వచ్చియు, ఆ విలువను మరల గంటలలోనే చెప్పుకొనవలసి వచ్చుట మన విధానకర్తలకు పాత అలవాటు ఎంత బలమైనదో చూపును.  ఇంజనీరింగు, వైద్యము, నర్సింగు, న్యాయశాస్త్రము మొదలైనవి దూరమార్గమున బోధింపరాదని నిషేధమును కలదు; చేతిపని, శవపరీక్ష, రోగిపరిచర్య తెరమీద రావు కావున ఈ నిషేధము చాలవరకు సమంజసమే.

పూర్వాభ్యాసమునకు గుర్తింపు అను పేర 2015 నుండి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన క్రింద నడుచుచున్న ఏర్పాటు మన నేతగానికి మిక్కిలి సన్నిహితమైనది. బడి మొగము చూడని పనివాని నైపుణ్యమును పరీక్షించి యోగ్యతాపత్ర మిచ్చుట దాని ఉద్దేశము. అది చేతికి వచ్చినవాడు, దానితో నేనెక్కడికి పోవుదును అని అడిగినచో, సమాధానము ఇంకను బలహీనముగానే యున్నది. ఆ పత్రమునకును పట్టమునకును నడుమ వంతెన కాగితముమీద కట్టబడినది. దానిపైని నడిచినవారు అరుదు.

ఇక నా మనస్సును మిక్కిలి కలతపెట్టు విషయమునకు వచ్చుచున్నాను. వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీకి ఎదురైన మహాసంకటము నొకదానిని మొదట చెప్పవలెను. 2017 సెప్టెంబరులో అమెరికా విద్యాశాఖకు చెందిన తనిఖీ అధికారులు, ఆ సంస్థ పెక్కు కోర్సులలో విద్యార్థికిని అధ్యాపకునకును నడుమ చట్టము కోరునంతటి నియతమైన, సారవంతమైన సంపర్కము లేదని నిర్ణయించి, ప్రభుత్వమునుండి విద్యార్థిసహాయముగా పొందిన 71 కోట్ల 30 లక్షల డాలర్లను తిరిగి చెల్లింపవలెనని సిఫారసు చేసిరి. మార్గదర్శియు, పరీక్షకుడును అధ్యాపకులే యని సంస్థ వాదించినది. 2019 జనవరిలో విద్యాశాఖ, చెల్లింప నక్కరలేదని తేల్చివేసినది. న్యాయనిర్ణయ మెట్లున్నను, తనిఖీ అధికారుల ప్రశ్న సామాన్యమైనది కాదు. చదువు ఒంటరిగా సాగునా? ఇరువది పనులలో మునిగిన మనుష్యుడు, ఎవ్వరును పలుకరింపకున్నను, ప్రతిరాత్రియు పుస్తకము తెరచునా?

ధర్మవరమున ఒక గది యిల్లు. ఆ గదిలో సగము మగ్గము. భర్త నేయుచుండగా భార్య కండెలు చుట్టును. పిల్లలు మగ్గము ప్రక్కనే చదివి, మగ్గము ప్రక్కనే నిదురింతురు. ఆ గృహిణి పదవ తరగతి చదివి, పెండ్లియై, పదునైదేండ్లుగా రంగుల మేళవింపును, గిరాకీని, అప్పును, లెక్కను కంఠస్థముగా ఎరిగినది. సామర్థ్యాధారమైన విశ్వవిద్యాలయము ఎవ్వరి కొరకు పుట్టినది అనినచో, ఈమె కొరకే యని నే నందును. కాని ఇంటియొద్ద పరీక్ష వ్రాయుటకు ఆ విశ్వవిద్యాలయమువారు విధించు నియమము లేమి? గదిలో మరియొక ప్రాణి ఉండరాదు, చప్పుడు ఉండరాదు, బల్లమీద మరియొక వస్తువు ఉండరాదు, కెమేరాను త్రిప్పి నాలుగు గోడలను చూపవలెను, నెట్టు నడుమ తెగరాదు. నాడె ఆగినచో కూలి ఆగు ఇంటిలో ఈ నియమములలో ఒక్కటియైనను నెరవేరునా? జ్ఞానము గలిగి, సిద్ధత గలిగి, ఒక గంట నిశ్శబ్దము దొరకక ఆమె తప్పిపోవును.

కావున మన జిల్లా విద్యావేత్తలు ఈ విధానమును కొనితెచ్చు నాడు, తెరను, యంత్రమును ముందుగా కొనక, రెండింటిని ముందుగా సమకూర్పవలెనని నా దృఢమైన అభిప్రాయము. మొదటిది స్థలము. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము మూడింటను గ్రంథాలయము లున్నవి, కళాశాల లున్నవి. సాయంకాలము కళాశాల ముగిసిన పిమ్మట తాళము పడు గదులలో ఒకటి రెండు, రాత్రి తొమ్మిదివరకు తెరచి, దీపము, నెట్టు, ఒక కాపలాదారు ఏర్పరచినచో, పరీక్షయు చదువును రెండును అచ్చటనే సాగును. కర్మాగారమున షిఫ్టు ముగించుకొని వచ్చు పెనుకొండ యువకునకు ఉదయమున తెరచియుండు గది కావలెను. షిఫ్టులను బట్టి గదివేళలు మారవలెను గాని గదివేళలను బట్టి షిఫ్టులు మారవు.

రెండవది మనుష్యుడు. వారమున కొకమారు పలుకరించు మార్గదర్శి ఎక్కడనో మహానగరమున కూర్చుండి ఆంగ్లమున ఫోను చేయువాడు కాక, ఈ ఊరివాడో, ఈ సీమవాడో కావలెను. హిందూపురమున వీథి తిరిగిన తెలుగు కన్నడమగును, కన్నడము తెలుగగును. అక్కడి గృహిణితో ఆమె మాటలోనే మాటలాడగలవాడు ఆమెను పట్టమువరకు నడిపింపగలడు. పనిలేని పట్టభద్రులకు ఈ మూడు పట్టణములలో కొదువ లేదు. వారిలో ఓర్పు గలవారి నెన్నుకొని, తర్ఫీదిచ్చి, తగిన వేతనముతో ఈ పని కప్పగించినచో ఇరుపక్షములకును మేలు.

పరీక్షకుల విషయమున మాత్రము ఇందుకు విరుద్ధమైన మార్గమే శ్రేయస్కరము. నేతపనిలో సామర్థ్యమును నిర్ణయింపవలసినవాడు మగ్గమెక్కిన నేర్పరియే; కుర్చీలోని అధికారి కాదు. కాని అతడు ధర్మవరమువాడు కారాదు. వెంకటగిరిలో చేనేత సాంకేతికవిద్యాసంస్థ కలదు. అక్కడి నిపుణులును, అక్కడి నేతగాండ్రును, పేరు తెలియని ధర్మవరపు చీరను ముందుంచుకొని, ముందుగా వ్రాసిన కొలతపట్టికతో తీర్పు చెప్పవలెను. బంధుత్వములు, షావుకారు ముఖప్రీతి, పార్టీ ముఠా ఇవి ఏవియు తీర్పులో దూరరాదు. ఒక్కమారు ఈ యోగ్యతాపత్రము ఎవరికైనను దొరుకును అను మాట బజారున పుట్టినచో, నిజముగా నేర్చినవాని పత్రమును కూడ ఎవ్వరును నమ్మరు. భవనములు లేని విశ్వవిద్యాలయమునకు తీర్పుయొక్క నిజాయితీయే ఆస్తి.

సామర్థ్యముల పట్టికలో పట్టని విద్య కొంత ఎప్పుడును మిగులును. కావ్యము చదివి కదలిన మనస్సును ఏ కొలతపట్టిక కొలుచును? చరిత్ర చదువుటవలన, 1565 తరువాత విజయనగరరాజులు పెనుకొండకు తరలివచ్చిరను సంగతి తెలియుట యొకటి. అక్కడి గగనమహలు ముందర నిలిచి సామ్రాజ్యముల చలనమును గూర్చి ఆలోచించు శక్తి కలుగుట మరియొకటి. ఈ రెండవదానికి తోడిచదువరులు కావలెను, వాదించు గురువు కావలెను, తొందరలేని కాలము కావలెను. అందుచేత నేను కళాశాలలను మూసివేయుమనుట లేదు. పదునెనిమిదేండ్ల బాలునకు, తలిదండ్రులు పంపగలిగినంతవరకు, కళాశాలయే తగినచోటు. జీవితము సగము గడచి, చేతికి పని వచ్చి, కాగితము లేని వయోజనులకు ఈ నూతనమార్గము ముఖ్యముగా ఉద్దిష్టము.

చేరదలచినవారికి రెండు మాటలు. వన్ సిట్టింగ్ డిగ్రీ యనియు, పరీక్ష లేకయే పట్టమనియు గోడలమీదను, సెల్‌ఫోనులలోను వచ్చు ప్రకటనలను చూచి సొమ్ము కట్టకుడు. శీఘ్రముగా నేర్చి నిరూపించుట వేరు, నిరూపింపకయే కొనుట వేరు. ఏ విశ్వవిద్యాలయపు దూరవిద్యకు గాని, ఆన్‌లైన్ పట్టమునకు గాని విశ్వవిద్యాలయ నిధుల సంఘముయొక్క దూరవిద్యా విభాగము అనుమతి యుండవలెను. ఆ పట్టికను ఎవరైనను చూడవచ్చును. ఆ అనుమతితో పొందిన పట్టము కళాశాలలో పొందినదానితో సమానమేనని 2022లో సంఘము ప్రకటించినది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమున ప్రవేశములు జనవరి, జూలై నెలల పర్యాయములకు జరుగును. కేంద్ర జౌళిశాఖ ఆ విశ్వవిద్యాలయముతోను, జాతీయ సార్వత్రిక పాఠశాలా సంస్థతోను ఒప్పందము చేసికొని, నేతకుటుంబములలోని స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికిని రుసుములో 75 శాతము భరించు ఏర్పాటు చేసినది. ధర్మవరపు సోదరీమణులు దరఖాస్తు వ్రాయుటకు ముందు తమ చేనేత గుర్తింపుకార్డును వెంటబెట్టుకొని, ఆ సహాయము ఈ పర్యాయమున తమ కోర్సున కెట్లు వర్తించునో చేనేత జౌళిశాఖ కార్యాలయమున అడిగి తెలిసికొనవలెను.